మొబైల్ యాప్ కంటే ముందు కేబుల్ చూడండి

(ఇంజనీర్ల దినోత్సవం నాడు పశ్చిమ డెల్టాలో బీటెక్, పాలిటెక్నిక్ విద్యార్థులూ రొయ్యల రైతులూ కలిసి కూర్చున్న సభలో, చివరి సంవత్సరం ఎలక్ట్రికల్ (ట్రిపుల్‌ఈ) విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారమండి. వేదిక మీదున్న మాస్టార్లకీ, మేత వేళకి చెరువులు వదిలి వచ్చిన రైతు పెద్దలకీ, చోటు లేక వెనక నిలబడ్డ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. విశ్వేశ్వరయ్య గారి పటానికి దండ వేశాం, కాటన్ దొర గారి పటానికీ వేశాం. నాకిచ్చిన అంశం ‘సాంకేతికత, విద్య’. అంత బరువు నేను మోయలేను గనక దాన్ని ఒక్క మోటారుకి కుదించుకుంటాను. చెరువు నీటిని చక్రంతో కొట్టి ఆక్సిజన్ కలిపే రెండు హార్స్‌పవర్ ఏరియేటర్ మోటారు. ఇక్కడున్న రైతులు దాన్ని రోజూ నడుపుతున్నారు, విద్యార్థులు దాని మీద పరీక్ష రాశారు. ఈ రెండు రకాల తెలివీ ఒకదాన్నొకటి పలకరించుకోవడం లేదన్నదే నా గొడవ.

రాత్రి రెండింటికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయిందనుకోండి. మోటారుకి కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో, అంటే మూడు కరెంటు తీగల్లో, ఒకటి లేదు. తిరుగుతున్న ఏరియేటర్లు ఆగవండి. చప్పుడు మారుతుంది, కాస్త గుర్రుమంటాయి, అంతే. షెడ్డులో ప్యానెల్ బోర్డు మీద ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడూ వెలుగుతూనే ఉంటాయి. కాపలా మనిషి లేచి చూసి, ‘మూడు లైట్లూ ఉన్నాయి కదా’ అని మళ్లీ నడుం వాలుస్తాడు. తెల్లారేసరికి వార్నిష్ మాడిన వాసనా, నీటి మీద తేలిన రొయ్యా రెండూ కలిసే పలకరిస్తాయి.

పోయిన ఫేజు దీపం ఎందుకు వెలిగినట్టు? తిరుగుతున్న ఇండక్షన్ మోటారు తనకి అందని మూడో ఫేజుని తానే పుట్టిస్తుంది. లోపల అయస్కాంత క్షేత్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, సప్లై లేని వైండింగులో, అంటే ఆ తీగ చుట్టలో, కూడా వోల్టేజి పుడుతుంది. లోడు తేలిగ్గా ఉంటే అది అసలు వోల్టేజికి బాగా దగ్గరగా ఉంటుంది. అదే వెనక్కి బోర్డు దాకా వచ్చి దీపం వెలిగిస్తుంది. ఆ దీపానికి నలభై యాభై వోల్టులు తగ్గినా మన కన్ను పసిగట్టలేదు.

ఈలోగా మిగిలిన రెండు తీగలు మొత్తం పని మోస్తుంటాయి. 415 వోల్టుల మీద రెండు హార్స్‌పవర్ మోటారు పూర్తి లోడులో సుమారు 3.4 ఆంపియర్లు లాగుతుంది. ఒక ఫేజు పోతే అదే పనికి మిగతా రెండింటిలో దాదాపు 1.73 రెట్లు, అంటే ఆరు ఆంపియర్లకి దగ్గర. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది గనక ఆ వైండింగుల్లో వేడి మూడు రెట్లు.

అనుమానమొస్తే దీపాలు చూడకండి. బోర్డులోకి వచ్చే మెయిన్ తీగల్ని ఒక్కొక్కటిగా, తీగ చుట్టూ వేసి కరెంటు కొలిచే క్లాంప్‌మీటర్‌తో పట్టుకోండి, పోయిన ఫేజులో సున్నా చూపిస్తుంది. క్లాంప్‌మీటర్ లేకపోతే అన్ని మోటార్లూ ఆపి ఒక్కటి స్టార్ట్ చేయండి. తిరక్కుండా ‘మ్మ్’ అని మూలిగితే ఫేజు లేనట్టే, వెంటనే ఆపేయాలి. అన్నీ ఆపమని ఎందుకంటున్నానంటే, మిగతావి తిరుగుతుంటే అవి పుట్టించే వోల్టేజి దన్నుతో ఇది కూడా లేచి తిరిగేస్తుంది, పరీక్ష తప్పిపోతుంది. ఒక ఫేజు పోగానే మోటారు ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కొనేటప్పుడు కూడా ఇదే సంగతి అడగాలి. వోల్టేజి ఉందా లేదా అని మాత్రమే చూసే చవక రకాన్ని తిరిగే మోటారు మోసం చేస్తుంది. మూడు ఫేజుల మధ్య తేడాని గానీ, కరెంటుని గానీ చూసే రకం తీసుకోవాలి.

ఇదంతా రెండో సంవత్సరం మెషీన్స్ సిలబస్‌లోని సరుకేనండి. మోటారు పనితీరు చూపే సర్కిల్ డయాగ్రం గీయమంటే మాలో చాలామంది పావుగంటలో గీస్తారు. మరి బోర్డు ముందు నిలబెట్టి ‘మూడు లైట్లూ ఉన్నాయి, మోటారు కాలింది, ఎందుకు?’ అంటే నోరు పెగలదు. కారణం ల్యాబ్‌లో ఉంది. ల్యాబ్‌లో బ్రేక్ టెస్ట్ చేస్తాం. బెల్టు బిగిస్తాం, స్ప్రింగ్ బాలెన్స్ రీడింగులు రాస్తాం, ఎఫిషియెన్సీ గ్రాఫ్ గీస్తాం. అది సీనియర్ల రికార్డులో ఉన్నట్టు రాకపోతే రీడింగులు వండేస్తాం. ఇప్పుడు నవ్వినవాళ్లంతా వండినవాళ్లే. మా ల్యాబుల్లో సప్లై ఎప్పుడూ సక్రమంగా ఉంటుంది, మూడు ఫేజులూ సమానంగా ఉంటాయి, మోటారు ఎప్పుడూ పొడిగా ఉంటుంది. బయట అలాంటి మోటారు ఒక్కటి కూడా కనపడదు.

నేను అడిగేది కొత్త ల్యాబ్ కాదండి. ఉన్న మోటారుకే ఇంకొక ప్రయోగం కలపమంటున్నాను. లోడు లేకుండా తిప్పి, మాస్టారి ఎదురుగా, స్విచ్ ద్వారా ఒక ఫేజుని పది సెకన్లు తెంచాలి. ఫ్యూజు చేత్తో పీకకూడదు, ఆర్క్, అంటే కాల్చే మెరుపు, వస్తుంది. మూడు ఆమీటర్లూ మూడు వోల్ట్‌మీటర్లూ ఏం చూపించాయో రాయాలి. తర్వాత బెల్టు కొంచెం బిగించి మళ్లీ తెంచాలి, తెగిన ఫేజు వోల్టేజి ఎంత పడిందో చూడాలి. ఆఖర్న మోటారు ఆపి, రెండు ఫేజుల మీద స్టార్ట్ చేయబోయి, మూలుగు వినగానే ఆపేయాలి. అరగంట పని. ఆ మూలుగు ఒక్కసారి విన్నవాడు జన్మలో మర్చిపోడు.

రెండో బడి రీవైండింగ్ షాపు. భీమవరం, ఆకివీడు, నరసాపురం, ఎక్కడ చూసినా రోడ్డు వారన కాలిన స్టేటర్లు, అంటే మోటారులో తిరగకుండా ఉండే తీగచుట్టల భాగాలు, గుట్టగా పడుంటాయి. ఒక్కో స్టేటరూ ఒక ప్రశ్నపత్రం. మూత తీసి చుట్టూ చూడండి. కాయిల్ గుంపులన్నీ ఒకే రంగులో మాడిపోయాయంటే ఓవర్‌లోడు, లేదా వోల్టేజి చాలాసేపు తక్కువగా ఉండటం. కొన్ని గుంపులు బొగ్గైపోయి, మధ్యమధ్యలో కొన్ని కొత్త రాగిలా మెరుస్తున్నాయంటే ఫేజు పోయింది. అందులోనూ స్టార్ కనెక్షన్, అంటే మూడు వైండింగుల ఒక్కో కొసా ఒకే చోట కలిపింది, అయితే రెండు ఫేజుల కాయిల్స్ మాడి ఒక ఫేజువి బాగుంటాయి. డెల్టా, అంటే మూడు వైండింగులూ త్రిభుజంలా కలిపింది, అయితే ఒక ఫేజువి మాడి రెండు ఫేజులవి బాగుంటాయి, ఎందుకంటే డెల్టాలో ఒక వైండింగు నేరుగా లైనుకి అడ్డంగా ఉంటుంది, మిగతా రెండూ ఒకదాని వెనక ఒకటి చేరి బరువు పంచుకుంటాయి. చిన్న మోటార్లు ఎక్కువగా స్టార్‌వే గనక ఏరియేటర్లలో మొదటి రకమే ఎక్కువ కనిపిస్తుంది. ఒకే చోట ఒక స్లాట్‌లో నల్లటి రంధ్రం ఉంటే తీగ మీద ఎనామిల్ లేచి చుట్లు ఒకదానికొకటి తగిలాయి. బేరింగు పక్క ఉప్పు పొరా తుప్పూ ఉంటే సీలు పోయి నీరు దిగింది.

షాపులో మేస్త్రి ఇది చూసిన వెంటనే చెప్పేస్తారు. ఎందుకలా అని అడిగితే మాత్రం ‘అంతే బాబూ, అలాగే కాలుద్ది’ అంటారు. మా దగ్గర ఎందుకన్నది ఉంది, ఎలా ఉంటుందో చూసిన కన్ను లేదు. ఒక సెమిస్టర్‌లో నాలుగు శనివారాలు కుర్రాళ్లని ఆ షాపుకి పంపి, పది కాలిన స్టేటర్లకి పది కారణాలు రాయించి, దానికే ఇంటర్నల్ మార్కులు వేయండి మాస్టారూ. వాటి ఫొటోలు తీసి నంబర్లు వేసి పెడితే ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం తయారవుతుంది.

ఇక రైతులు నన్ను తిట్టబోయే విషయం. కేబుల్. ట్రాన్స్‌ఫార్మర్ షెడ్డు దగ్గర, చెరువు అవతలి గట్టు రెండు వందల మీటర్ల దూరంలో. ఆరు ఏరియేటర్లకి ఒకటే లైను, 4 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం. ‘వేడెక్కట్లేదు కదా, చాలు’ అంటారు. నిజమే, ఇరవై ఆంపియర్లు అది మోస్తుంది. మరి వోల్టేజి? ఆ కేబుల్‌కి కిలోమీటరుకి 7.4 ఓమ్‌ల నిరోధం, రెండు వందల మీటర్లకి 1.48. ఆరు మోటార్ల కరెంటు 20.4. దాన్ని 1.73తో, 1.48తో, పవర్ ఫ్యాక్టర్ 0.8తో గుణిస్తే సుమారు 42 వోల్టులు. ఇటు 415 బయల్దేరితే అటు చేరేది 373. సాయంత్రం లోడులో ఇటే 390 ఉంటే అటు 348. మోటారు టార్కు వోల్టేజి వర్గంతో పడిపోతుంది గనక అది 70 శాతానికి దిగుతుంది. చక్రం నీటిని అంతే కొట్టాలి కాబట్టి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో డ్రాప్ ఇంకా పెరుగుతుంది. అదే దూరానికి 16 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం వేస్తే డ్రాప్ 11 వోల్టులు.

తర్వాత ఏం జరుగుతుందో గమనించండి. కరెంటు పెరిగింది గనక కరెంటు మితిమీరితే మోటారుని ఆపే ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్పవుతుంది. దాని పని అది చేస్తోంది. చెరువు మీద అర్ధరాత్రి నాలుగు సార్లు ట్రిప్పయిన రిలేని ఎవరు భరిస్తారు? డయల్ చివరికంటా తిప్పేస్తారు, అదీ చాలకపోతే పెద్ద రేంజి రిలే పెట్టేస్తారు, ఇంకా విసుగొస్తే వైరుతో కలిపేస్తారు. ఫ్యూజులో సన్న తీగ బదులు కేబుల్ పోచలు మెలిపెట్టి వేస్తారు. ఆ తర్వాత ఒక రాత్రి ఫేజు పోతుంది, కాపాడాల్సినవేవీ బతికిలేవు. మోటారు కాలింది ఫేజు పోయినందుకే, అయితే ఆ కథ మొదలైంది కేబుల్ కొన్న రోజున. రిలే డయల్ మోటారు నేమ్‌ప్లేట్ మీదున్న ఆంపియర్ల దగ్గరే ఉండాలి. అక్కడ నిలబడటం లేదంటే రిలేని కాదు, మోటారు కొస దగ్గర వోల్టేజిని అనుమానించాలి.

పోయిన కరెంటు తిరిగొచ్చినప్పుడు ఇంకో తంటా. స్టార్టర్లన్నీ ఆటోలో ఉంటే ఆరు మోటార్లూ ఒకేసారి లేస్తాయి, ఒక్కోటీ ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. ఫ్యూజు పోయేది ఎక్కువగా ఆ క్షణంలోనే. ఒక్కో స్టార్టర్‌కీ టైమర్ పెట్టి ఎనిమిదేసి సెకన్ల తేడాతో లేపితే సరిపోతుంది. తడి గట్టు మీద టేపు చుట్టిన జాయింట్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, ప్రాణాలు పోతున్నాయి. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకవగానే సప్లై తెంచే స్విచ్చు. అన్ని మోటార్లకీ కలిపి ఒకటే పెడితే పొడుగు కేబుళ్ల లీకేజి కూడుకుని ఊరికే ట్రిప్పవుతుంది, తీసి పారేస్తారు. ఒక్కో మోటారుకీ, లేదా రెండేసికీ ఒకటి పెట్టాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఎర్త్ గొట్టాన్ని ఉప్పు నేల తినేస్తుంది, ఏడాదికోసారి తవ్వి చూసుకోవాలి.

ఇప్పుడు మా ప్రాజెక్టుల దగ్గరికి వస్తాను. ‘ఐఓటీ ఆధారిత స్మార్ట్ ఆక్వాకల్చర్’, అంటే సెన్సార్లని ఇంటర్నెట్‌కి కలిపి చెరువు చూసుకోవడం, అన్న పేరుతో ప్రతి ఏడాదీ ప్రతి కాలేజీలోనూ ఒక్కటైనా ఉంటుంది. గాజు తొట్టి, నాలుగు అలంకార చేపలు, ఒక బోర్డు, ఒక యాప్. కొందరు తయారుగా కొనుక్కొస్తారు, ఎక్కడ కొంటారో ఇక్కడ అందరికీ తెలుసు. కొన్నదా చేసిందా అన్నది పక్కన పెట్టి, దాన్ని చెరువు గట్టు మీద పెడితే ఏమవుతుందో చూద్దాం.

బోర్డు చెప్పినట్టు కరెంటు కలిపీ తెంచే చిన్న రిలే మాడ్యూల్ మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ అంకె హీటరు లాంటి లోడుకి. మోటారు లేచేటప్పుడు ఇరవై ఆంపియర్లు లాగుతుంది, కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఆపమన్నా ఆగదు. పైగా మూడు ఫేజులకి ఒక రిలే ఏం చాలుతుంది? మోటారుకి మూడు ఫేజులూ కలిపే పెద్ద స్విచ్చు కాంటాక్టర్, ఈ రిలే దాని కాయిల్‌ని మాత్రమే నడపాలి. కాయిల్‌కి అడ్డంగా 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి పెట్టకపోతే ఆపిన ప్రతిసారీ వచ్చే స్పార్కుకి బోర్డు రీసెట్ అవుతుంది. వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32లో వైఫై నడుస్తుండగా, సెన్సార్ వోల్టేజిని అంకెగా మార్చే రెండో ఏడీసీ పిన్నులు పనిచేయవు. సెన్సార్‌ని తెలియక అక్కడ కలిపితే టేబుల్ మీద వచ్చిన రీడింగు యాప్ తెరవగానే పోతుంది, కుర్రాడు సెన్సార్ పాడైందనుకుంటాడు. సిమ్ కార్డు వేసే సిమ్800ఎల్ మాడ్యూల్ మెసేజి పంపే క్షణంలో రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, సన్న యూఎస్‌బీ వైరు దాన్ని ఇవ్వలేదు. అది 2జీ మీద పనిచేసేది, అందులో 2జీ లేని జియో సిమ్ వేసి గంటలు గంటలు కూర్చునేవాళ్లున్నారు.

వీటన్నిటికంటే పెద్ద తప్పు ఒకటుంది. ఆక్సిజన్ తగ్గితే మెసేజి వస్తుందని రాస్తారు. మరి బోర్డే చచ్చిపోతే? మెసేజి రాదు, రైతు అంతా బాగుందనుకుంటాడు. తలకిందులు చేయండి. పావుగంటకోసారి ‘బతికే ఉన్నాను’ అని బోర్డు చెప్పాలి, చెప్పకపోతే ఫోన్ మోగాలి. ఇది కోడ్‌లో పది లైన్లు. ఇదీ కష్టమైతే బ్యాటరీ మీద నడిచే సైరన్‌ని ఒక్కో ఫేజు మీదా ఒక్కో రిలేతో కట్టండి. అయితే ఇందాక చెప్పిన దొంగ వోల్టేజి గుర్తుంచుకుని కట్టండి.

సెన్సార్‌కి వద్దాం. డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, కొలిచే మీటరు చూపే అంకె మీద ఎవరికీ అనుమానం లేదు, నాకుంది. నీటిలో దింపే, పొర ఉండే గాల్వానిక్ ప్రోబ్ తన దగ్గరున్న ఆక్సిజన్‌ని తానే తింటుంది. నీరు కదలకపోతే తక్కువ చూపిస్తుంది. ఏరియేటర్ పక్కనే దింపితే ఎక్కువ చూపిస్తుంది. నాలుగు రోజులకి పొర మీద పాచి పడుతుంది, ఆ పాచి కూడా రాత్రి ఆక్సిజన్ పీలుస్తుంది. రొయ్య ఉండేది అడుగున, ప్రోబ్ వేలాడేది పైన. అడుక్కి ఒక అడుగు ఎత్తున, ఏరియేటర్లకి దూరంగా పెట్టాలి. ఉప్పుదనం కూడా మీటరుకి చెప్పాలి. 30 డిగ్రీల దగ్గర మంచినీరు గాలి నుంచి లీటరుకి 7.56 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే సముద్రపు నీరు సుమారు 6.2 మాత్రమే పట్టుకుంటుంది. సున్నా దగ్గర సరిచూడ్డానికి నీటిలో సోడియం సల్ఫైట్ కలిపి ప్రోబ్ ముంచాలి, నూరు శాతానికి తడిగుడ్డ వేసిన డబ్బాలో పదిహేను నిమిషాలు ఉంచాలి. వారానికోసారి ఈ రెండూ చేయని మీటరు గోడ మీద బొమ్మతో సమానం.

ఆ అంకె ఎందుకంత ముఖ్యమో లెక్క కడదాం. ఎకరం చెరువు, నాలుగడుగుల నీరు. సుమారు 4,930 ఘనపు మీటర్లు. డీవో లీటరుకి 4 మిల్లీగ్రాములు ఉంటే మొత్తం చెరువులో కరిగున్న ఆక్సిజన్ 19.7 కిలోలు. అంతేనండి, ఒక మేత బస్తా అంత కూడా లేదు. రాత్రి గంటకి 0.5 చొప్పున ఖర్చవుతోందనుకుంటే ఏరియేటర్లు ఆగిన రెండు గంటలకి 3కి దిగుతుంది, అక్కడి నుంచి రొయ్యకి కష్టకాలం. ముసురు పట్టిన రోజు పగలంతా పాచి ఆక్సిజన్ చేయలేదు గనక రాత్రి మొదలయ్యేదే తక్కువ నుంచి.

మొదటి సంవత్సరం లెక్కల్లో న్యూటన్ శీతలీకరణ సూత్రం చేస్తాం. వేడి వస్తువు చల్లారే వేగం, దానికీ గదికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. ఏరియేటర్ ఆక్సిజన్ కలిపే వేగం కూడా నీరు పట్టుకోగలిగిన హద్దుకీ, ప్రస్తుతం ఉన్నదానికీ మధ్య తేడాని బట్టే. సమీకరణం ఒకటే, రొయ్యా పాచీ పీల్చేది ఒక్కటి అదనంగా తీసేయాలి. అందుకే మధ్యాహ్నం డీవో హద్దు దాటి ఉన్నప్పుడు ఏరియేటర్లన్నీ తిప్పితే ఆక్సిజన్ నీటిలోంచి గాలిలోకి పోతుంది. అప్పుడు తిప్పడానికి వేరే కారణం ఉంది, పై నీరూ అడుగు నీరూ కలపడం, దానికి ఒకటో రెండో చాలు. ఎనభై డిగ్రీల నుంచి అరవైకి చల్లారిన ఆ ఊరూపేరూ లేని వస్తువు బదులు ఈ చెరువునే లెక్కగా ఇస్తే, కాపలా మనిషి కొడుకు కూడా ముందు బెంచీలో కూర్చుంటాడు.

ఏఐ సంగతి అడుగుతారని తెలుసు. కోడ్ రాయించుకోవడం తప్పని నేను అనను, నేనూ రాయించుకుంటాను. అయితే మీరు అడిగినదానికే అది జవాబిస్తుంది. కేబుల్ పొడవు మీరు చెప్పకపోతే దానికి తెలియదు, ప్రోబ్ మీద పాచి దానికి కనపడదు. అందుకని కోడ్ మీద వైవా తగ్గించి కొలతల మీద పెంచండి. ఎండాకాలం కమ్యూనిటీ సర్వీస్ ఇంటర్న్‌షిప్‌లో సర్టిఫికెట్ల కోసం తిరిగే బదులు ఇరవై చెరువుల దగ్గర ఒకే పని చేయొచ్చు. బోర్డు దగ్గర వోల్టేజి, చివరి మోటారు దగ్గర వోల్టేజి, సాయంత్రం ఏడింటికీ తెల్లవారుజామున నాలుగింటికీ. కేబుల్ సైజు, పొడవు, రిలే డయల్ ఎక్కడుంది, నేమ్‌ప్లేట్ ఎంత. చేతికి రబ్బరు గ్లౌజులు, కాళ్లకి బూట్లు, పక్కన ఎలక్ట్రీషియన్ ఉండి తీరాలి.

సభ అయ్యాక పక్క గదిలో రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పరీక్ష చేసి చూపిస్తున్నాం, మీ డీవో మీటరు నిజం చెబుతోందో లేదో తేల్చుకోవచ్చు. నీళ్లు తేవాలనుకునేవాళ్లకి 300 మిల్లీలీటర్ల సీసాలు బల్ల మీదున్నాయి. సీసాని నీటిలో ముంచి నెమ్మదిగా నింపండి, బుడగ ఒక్కటి ఉన్నా పనికిరాదు. మాంగనీస్ సల్ఫేట్ రెండు మిల్లీలీటర్లు, క్షార అయొడైడ్ రెండు మిల్లీలీటర్లు గట్టు మీదే వేసి మూత పెట్టి తిప్పాలి, లేకపోతే దారిలో ఆక్సిజన్ మారిపోతుంది. గోధుమ రంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. ఆమ్లం మాత్రం ఇక్కడికొచ్చాక మేం వేస్తాం, బండి మీద తేవద్దు. సీసా మీద చెరువు పేరు, తీసిన టైము, అదే నిమిషంలో మీ మీటరు చూపిన అంకె రాయండి.